బోల్టు తల మీద అక్షరం

జ్ఞానాపురం రైలుగేటు పక్కన
మా పెదనాన్న షెడ్డుకి బోర్డు లేదు.
ఫోర్డు గురువులెక్కడ అంటే
సోడాబండివాడైనా వేలు చూపించేవాడు.

యుద్ధమయ్యాక మిలట్రీవాళ్ళు వేలమేసిన జీపొకటి
నలుగురి చేతులు మారి, చక్రాలు పోగొట్టుకుని
ఆయన దగ్గరికి చేరింది.
ఒక్కో బోల్టూ ఊడదీసి కిరసనాయిల్లో కడిగితే
ప్రతిదాని నెత్తిమీదా ఒక ఎఫ్.
కాస్త వాలిన ఎఫ్, చేత్తో రాసినట్టు.

"సూడరా గుంటడా,
మనం పేరు గిన్నెల మీద కొట్టించుకుంటాం.
ఆడు మరమేకు మీద కొట్టించుకున్నాడు!"

సాయంత్రాలు ఆ కంపెనీ కథ చెప్పేవాడు,
అప్పుల పుస్తకం చదివినట్టు, అంకెలతో.
తొందరగా ఆరుతుందని అన్నిటికీ నల్లరంగేనంట.
హ్యాండిల్ ఎదురుతన్నితే మణికట్టు పుటుక్కుమనేదంట.
బండి కట్టడానికి పన్నెండు గంటలు పట్టేదంట,
తాడు కట్టి లాగితే
గంటన్నరకి దిగిందంట.
"అప్పట్నించీ బండే నడిసొస్తాది.
మనిషి నిలబడిపోతాడు.
ఒకడికి బతుకంతా ఒకటే నట్టు."
మనుషులు పారిపోతుంటే
రోజుకి అయిదు డాలర్లన్నారంట.
ఇచ్చి ఊరుకోలేదు.
తాగుతున్నాడా, ఇల్లు ఊడ్చుకుంటున్నాడా అని
ఇంటికొచ్చి చూసుకునేవారంట.
"మా అత్తే నయం," అనేవాడు పెదనాన్న.

మా నాన్న గుమ్మంలో కూర్చుని వినేవాడు.
నిలబడిపోతాడు అన్నచోట మాత్రం
చిన్నగా నవ్వేవాడు.
ఆయన పోర్టులో, ఓర్ ప్లాంటులో,
కన్వేయర్ బెల్టు పక్కన.
బైలడిల్లా కొండ చిటికెడు చిటికెడు
ఆయన చొక్కాలో మా ఇంటికొచ్చేది.
అమ్మ బట్టలుతికిన నీళ్ళు కాలవలోకి
ఎర్రగా, ఎవరికో దెబ్బ తగిలినట్టు పోయేవి.
ఉమ్మితే ఎరుపు. గోడకానుకుంటే ఎరుపు.

పెట్రోలు మండిపోయిన ఏడాది
పెదనాన్న దిగాలుగా ఉన్నాడు.
"అమెరికా బండి తాగుబోతంట.
అక్కడోళ్ళే జపాను బుల్లికార్లు కొంటన్నారంట."

నాన్న అడిగాడు, చాలాసేపటికి:
"అన్నియ్యా, మేం ఓడలకెత్తుతున్న మట్టి ఎక్కడికెల్తాది?"
"జపానుకి."
"అక్కడేటి సేత్తారు?"
"ఇనుం."
"ఇనుంతో?"

స్పానరు నట్టు మీద ఆగిపోయింది.
గూడ్సుబండి ఒకటి
పెట్టె వెనక పెట్టెగా దాటిపోయేదాకా
ఇద్దరూ మాట్లాడలేదు.

మర్నాడు పెదనాన్న మా ఇంటికి టీకి రాలేదు.
ఆ మర్నాడూ.
మూడోరోజు వచ్చి, గ్లాసు దించుతూ
"నీ తప్పు కాదులే," అన్నాడు,
క్షమించేశాడు నాన్నని,
ఒక ఫ్యాక్టరీ తరఫున.

చాలా ఏళ్ళకి ఆ కంపెనీ మళ్ళీ వచ్చింది మన దేశానికి.
ఊళ్ళో అద్దాల షోరూం పెట్టారు.
డెబ్భై దాటిన పెదనాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.
బానెట్ ఎత్తించాడు.
తలకాయ లోపల పెట్టి చాలాసేపు చూశాడు.
"ఏం వెతుకుతున్నారు తాతగారూ?" అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు.
"సంతకం."

వచ్చిన కంపెనీ మళ్ళీ వెళ్ళిపోయింది. రెండోసారి.
అది చూడ్డానికి ఆయన లేడు.
షోరూంలో ఇప్పుడు పరుపులమ్ముతున్నారు.
జీపుని కేజీల లెక్కన తూచినరోజు
నేను ఒక్క బోల్టు జేబులో వేసుకున్నాను.

దాచుకోలేదు, వాడాను.
మేడమీద నీళ్ళట్యాంకు బిగింపుకి సరిగ్గా పట్టింది.
హుద్‌హుద్ రాత్రి
పక్కింటి ట్యాంకు రైలుపట్టాల అవతల దొరికింది.
మాది కదల్లేదు.

ఉప్పుగాలికి దాని తల ఇప్పుడు
నాన్న చొక్కా రంగులో ఉంది.
అక్షరం కంటికి ఆనదు.
వేలు పెడితే తెలుస్తుంది.